ఇమానం బయలు దరఖాస్తు

ఆ దరఖాస్తు టైపు చేసింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మనసు కొంత తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. ఎవరి మీద కోప్పడాలో తేల్చుకుందామని కూర్చున్న ప్రతిసారీ అందరికంటే ముందు నేనే కనిపిస్తున్నాను. ఆఫీసువాళ్లూ, ముళ్ల కంచె వేసినవాళ్లూ, గేటు దగ్గర కాపలావాళ్లూ నా వెనకే ఉన్నారు. వాళ్లనీ వదలను.

యాంగోన్‌లో లమ్మడా పేటలో ఒక పాత మేడ మెట్ల కింద మా దుకాణం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోతే పేవ్‌మెంటు మీద దడదడలాడే జనరేటరు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే కూర్చుని ఊళ్లోవాళ్లందరికీ బర్మా భాషలో దరఖాస్తులు టైపు చేస్తున్నాను. పోయిన గుర్తింపు కార్డు కోసం, ఇంటి పేరు మార్పు కోసం, పిల్లల్ని బడిలో వేయడం కోసం. నా దరఖాస్తు తిరిగి రాదని పేరు. ఆ పేరు చూసుకుని బాగా మురిసిపోయేదాన్ని. సాయంత్రం మా ఇల్లున్న సంచౌంగ్‌లో బస్సు దిగి బజారులో కూరగాయలు కొంటుంటే, ఎవరైనా ఎదురై "మీరు రాసింది పాసైంది" అంటే ఆ రోజుకి అదే నాకు పండగ.

దరఖాస్తు రాయడంలో నాకొక పద్ధతి ఉండేది. మా అమ్మ దగ్గర, అంతకు ముందు రేవులో మూటలు మోసిన మా తాత దగ్గర నేర్చుకున్నదే. మనకి కావలసింది అడగకూడదు. అందులో నాలుగో వంతు అడగాలి. అది కూడా సేవ చేస్తామన్నట్టు అడగాలి. మా తెలుగువాళ్ల ఇళ్లలో సగం మందివి ఆకుపచ్చ కార్డులు, అంటే పూర్తి పౌరుల లెక్కలోకి రానివాళ్లకి ఇచ్చేవి. పుట్టింది ఇక్కడే అయినా, అధికారి ముందుకు వెళ్తే నడుం దానంతటదే వంగుతుంది. గుడి గోడ కట్టుకోవాలంటే "వీధి శుభ్రం చేస్తాం, అనుమతివ్వండి" అని రాస్తాం. వీధి శుభ్రం చేస్తూ చేస్తూ గోడ కూడా కట్టేస్తాం. ఎవరూ అడగరు. ఇన్నాళ్లూ అలాగే నడిచింది.

మా అక్కది యాంగోన్‌కి ఉత్తరాన బస్సులో రెండున్నర గంటల దూరంలో ఒక ఊరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ల ఇళ్లు రెండు పేటలు, బర్మావాళ్లవి రెండు పేటలు. బావ పోయి ఆరేళ్లయింది. అక్క, వాళ్ల మామగారు కలిసి వరి పండిస్తారు. పొలాలన్నీ పల్లంలోనే. ఊరి పక్కన ఎత్తుగా, తిన్నగా, ఎర్ర కంకర కొట్టి గట్టి చేసిన నేల ఒకటుంది. యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి వేసిన పట్టీ అది. అక్క మామగారి తండ్రి ఆ కంకర తట్టల్లో మోసినవాడు. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్లిపోయాయి, నేల మిగిలింది. సర్కారు భూమి. మావాళ్లు దాన్ని ఇమానం బయలు అంటారు.

దాని మీద నడిస్తే పెద్ద రోడ్డు పావుగంట. వాగు పొంగితే పశువుల్ని తోలుకుని అందరూ ఎక్కేది దాని మీదకే. ఆ పెద్ద తుఫాను ఏడాది, రోడ్లన్నీ నీళ్లలో ఉన్నప్పుడు, ఒక చిన్న విమానం బియ్యం, మందులు తెచ్చి అక్కడే దిగింది. గడ్డి కోసి ఉంది కాబట్టి దిగింది. మోకాలెత్తు గడ్డి ఉంటే పైలట్‌కి నేల ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఆ గడ్డి కోత ఊరి కట్టుబాటు. వానలు వెనకబట్టి, బర్మావాళ్ల దీపాల పండగ వెళ్లాక వచ్చే ఆదివారం నాలుగు పేటలవాళ్లూ కొడవళ్లు పట్టుకుని బయలు మీదకి వస్తారు. పట్టీ పొడుగునా సున్నం కొట్టిన రాళ్లుంటాయి. రాయికీ రాయికీ మధ్య ఒక్కో ఇంటి వాటా. ఎవరి వాటాలో గడ్డి వాళ్లు కోస్తారు. కోసిన చోట ఆ ఏడాది వాళ్లే వడ్లు ఆరబోసుకుంటారు. కోతకి రాని ఇంటివాళ్ల వాటా ఆ ఏడాదికి ఇంకొకరికి పోతుంది. కాగితం లేదు, సంతకం లేదు, ఎవరి అనుమతీ లేదు. ఇదంతా తాతల కాలం నుంచీ గొడవ లేకుండా నడిచింది. గొడవ పడ్డా ఆ రాళ్ల దగ్గరే తేల్చుకునేవాళ్లు.

వడ్లు ఆరబెట్టడం ఎంత పనో పట్నంలో ఉన్నవాళ్లకి తెలియదు. నాకూ అక్క చెబితేనే తెలిసింది. తడి మీద బస్తాలకెత్తితే లోపల వేడెక్కి, రంగు మారి, వాసన వేస్తాయి. కొనేవాడు దోసిట్లోకి తీసుకుని వాసన చూసి పక్కకి నెట్టేస్తాడు. ఆ పల్లంలో గట్టిగా, పొడిగా, ఎండకి కాలే నేల ఇంకెక్కడా లేదు. అక్క ఏడాది తిండి ఆ రెండు సున్నపు రాళ్ల మధ్య ఆరుతుంది.

నిరుడు ఎండాకాలంలో అక్క ఫోన్ చేసింది.

"ఏటే, పనిలో ఉన్నావా? ఇమానం బయలు మీద ఎవులో టేపులు పట్టుకొని తిరగతన్నారు. కొలిసేరు, ఎల్లిపోనారు. ఏటని అడిగితే మాట్లాడనేదు."

"ఆళ్లు ఏ ఆఫీసోళ్లో కనుక్కోలేకపోయేరా?"

"నాకేటి తెలుస్తాది? నువ్వొచ్చి ఏటన్నా రాయి. నీ కాగితం తిరిగి రాదంట కదా."

ఆ చివరి మాటకి పొంగిపోయాను. వచ్చే ఆదివారమే బస్సెక్కాను.

అక్క ఇంటి అరుగు మీద ఒక పదిమంది చేరారు. అక్క మామగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి, చెవులు బాగానే పనిచేస్తాయి. నేను నోట్‌బుక్ తీసి, మనం ఏమడగాలో నేను చెబుతానన్నాను. ఏటా గడ్డి కోసి పట్టీని శుభ్రంగా ఉంచే సేవ మా ఊరివాళ్లు చేస్తున్నారు, ఆ సేవ కొనసాగించడానికి దయతో అనుమతించండి. అంతే. చదివి వినిపిస్తే అందరూ తలూపారు. ఆయన మాత్రం ఊపలేదు.

"వడ్ల సంగతి రాయవామ్మా?"

"వద్దు మావయ్యా. వడ్లు ఆరబోస్తన్నాం అని రాస్తే సర్కారు నేలని సొంతానికి వాడుకుంటన్నారు అంటారు. ఆక్రమణ కింద లెక్కేస్తారు. కోతకి అనుమతొస్తే ఆరబోత దాని ఎనకాలే వస్తాది."

"కోతా ఆరబోతా ఒకటే కదమ్మా. ఆరబెట్టుకోడానికే కదా కోస్తన్నాం. అది సెప్పకపోతే మనకి గడ్డెందుకని అడగరా?"

"ఆఫీసుల సంగతి నాకు తెలుసు మావయ్యా."

అలాగే అన్నాను. తల పండిన ఆ మనిషితో, ఆయన తండ్రి మోసిన కంకర గురించి మాట్లాడుతూ, ఆఫీసుల సంగతి నాకు తెలుసన్నాను.  అక్క టీ తెచ్చి ఇచ్చింది. నడిచే దారి గురించి కూడా రాయలేదు. వాగు పొంగినప్పటి మాట కూడా రాయలేదు. తుఫాను ఏడాది విమానం దిగిన మాట రాద్దామనుకుని, అది పాత పాలకుల నాటి విషయం, ఇప్పుడెందుకని కొట్టేశాను. ఎవరికీ కోపం రాకుండా ఒక్కొక్క మాటే తీసేసుకుంటూ పోతే చివరికి గడ్డి మిగిలింది.

టౌన్‌షిప్ ఆఫీసులో కాగితం తీసుకున్న అధికారిణి నాకంటే చిన్నది. నన్ను "అమా" అని పిలిచింది, బర్మా మాటలో అక్కా అని. కుర్చీ వేసింది. చదువుతూ చదువుతూ, ఎంత చక్కగా రాశారు అంది. ఆఫీసుకొచ్చే కాగితాలన్నీ ఇలా ఉంటే బాగుండు అంది. నా ముఖం వెలిగిపోయి ఉంటుంది. తర్వాత పెన్ను తీసి అడిగింది.

"ఇప్పటిదాకా ఎవరి అనుమతితో కోశారు?"

"ఎవరిదీ లేదండీ. అందుకే అడుగుతున్నాం."

ఆ మాట ఆమె మార్జిన్‌లో రాసుకుంది. అట్ట ఫైలు ఒకటి తెప్పించి, దాని మీద బయలు పేరు రాయించి, నా దరఖాస్తు అందులో మొదటి కాగితంగా పెట్టింది. అంతవరకూ ఆ నేల మీద ఆ ఆఫీసులో ఫైలే లేదు. టేపులు పట్టుకుని తిరిగినవాళ్లు ఎవరో ఆమెకీ తెలియదు. నేను వెళ్లకపోతే వాళ్లు మళ్లీ వచ్చేవాళ్లో లేదో నాకిప్పటికీ తెలియదు. అడగనంతకాలం కాదనడానికి అక్కడ ఎవరూ లేరు. కాదనే హక్కు నేనే రెండు చేతులతో పట్టుకెళ్లి ఇచ్చాను. ఇచ్చి, థాంక్స్ చెప్పి, మెట్లు దిగి లఫెయే కొట్టులో కూర్చుని టీ తాగి, పనైపోయిందని అక్కకి ఫోన్ చేశాను.

వానలు మొదలైన నెలకే స్తంభాలొచ్చాయి. ఆ తర్వాత ముళ్ల తీగ. ఊరి వైపు ఒక గేటు, గేటుకి గొలుసు, పక్కన రేకుల షెడ్డు, అందులో ఇద్దరు కాపలావాళ్లు. 'ప్రభుత్వ భూమి. అనుమతి లేనిదే ప్రవేశించరాదు' అని బోర్డు. ఇన్నేళ్లూ ప్రభుత్వ భూమి కాదా అది? ప్రభుత్వ భూమి కాబట్టే కదా అందరూ నడిచారు. ఒకరి సొంతమైతే నడవనిచ్చేవాడా? ఈ మాట నేను ఆఫీసులో గట్టిగా అడగాల్సింది. అడగలేదు. మళ్లీ వెళ్లి, మా దరఖాస్తు సంగతి ఏమైందండీ అని మాత్రం అడిగాను. పరిశీలనలో ఉంది అమా, అంది ఆవిడ. మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ అదే మాట, అదే మర్యాద. మూడోసారికి ఆ మర్యాదకే ఒళ్లు మండింది. నవ్వుతూ మాట్లాడేవాళ్లతో పోట్లాడటం నాకెవరూ నేర్పలేదు.

దీపాల పండగ వెళ్లిపోయింది. కోత ఆదివారం వచ్చింది, పోయింది. కంచె లోపల గడ్డి నడుం ఎత్తున నిలబడి ఉంది. పొలంలో వరి మాత్రం ఎవరి పరిశీలన కోసమూ ఆగలేదు, పండింది. సగం కోసి నూర్చాక ఊరంతా వడ్లు పెద్ద రోడ్డుకి మోసుకెళ్లి రోడ్డు అంచున టార్పాలిన్ల మీద ఆరబోశారు. పావుగంట దారి ఇప్పుడు కంచె చుట్టూ తిరిగి గంట పైన. అక్క తల మీద మోసింది. ఆ వయసులో, మోకాళ్ల నొప్పులతో.

రోడ్డు మీద ఆరబోత ఆరబోతేనా అది? లారీ పోయినప్పుడల్లా అంచు చెదిరిపోతుంది. చక్రాలు నూకలు చేసేస్తాయి. మట్టీ, గులకరాళ్లూ కలుస్తాయి. ఒకరోజు ఎవరో పెద్ద అధికారి బళ్లు వస్తున్నాయని మధ్యాహ్నం ఎండలో అన్నీ ఎత్తించేశారు. మర్నాడు కాలం కాని కాలంలో వాన. నేను లమ్మడాలో జనరేటరు మోతలో ఫోన్ చెవికి నొక్కిపెట్టి విన్నాను.

"వడ్లు మొలకెత్తినాయే," అంది అక్క. ఏడవలేదు. "సెయ్యి పెడితే ఏడిగా ఉన్నాయి. సగం ఇంకా పొలంలో ఉన్నాయి. ఆటికైనా నేల గావాల. నీ కాగితం ఏటైంది?"

ఏమీ కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. వస్తాదిలే అన్నాను.

వచ్చింది. ఆ వారమే దుకాణానికి కబురొస్తే వెళ్లి తెచ్చుకున్నాను. ముద్ర వేసిన మంచి కాగితం. ఆఫీసు బయటే నిలబడి చదివాను. మీ సేవాభావం అభినందనీయం. మీరు కోరిన ప్రకారం ఏడాదికి ఒక రోజు, ఉదయం ఆరు నుంచి పన్నెండు వరకు, గడ్డి కోయడానికి అనుమతించడమైనది. వచ్చేవారి పేర్లు, కార్డు నంబర్లు ముందుగా ఇవ్వాలి. కోత మినహా మరే పనికీ భూమిని వాడరాదు. ఒక ఏడాది కోయకపోతే అనుమతి రద్దవుతుంది. షరతులన్నిటికీ దరఖాస్తుదారే బాధ్యులు. కింద నేను సంతకం పెట్టడానికి గీత.

నా దరఖాస్తు తిరిగి రాలేదు. నేను ఏమడిగానో అదే, ఒక్క మాట తగ్గకుండా, ఒక్క మాట పెరగకుండా ఇచ్చారు. లోపలికి వెళ్లి ఆ కాగితం ఆవిడ ముఖాన కొట్టాలనిపించింది. కానీ అందులో తప్పెక్కడుంది? వాక్యాలు చాలావరకు నావే. నేను సంతకం పెట్టాను. పెట్టకపోతే గేటు అసలే తెరవరు, పెడితే రేపైనా ఒక సందు దొరుకుతుందనుకున్నాను. అదే పాత బుద్ధి.

ఆదివారం ఊళ్లో చదివి వినిపించాను. బర్మా మాటలు తెలుగు చేస్తూ, ఒక్కో షరతు దగ్గర ఆగుతూ. అయిపోయాక అక్క మామగారు అడిగారు.

"వడ్ల మాట?"

"లేదు మావయ్యా."

"ఎందుకు నేదు?"

"నేను రాయలేదు."

ఆయనకి తెలుసు. అందరి ముందూ నా నోటితో చెప్పించడానికే అడిగారు. చెప్పించాక తల పక్కకి తిప్పుకున్నారు. వద్దన్నానని ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

కోయకపోతే ఆ గేటు ఇక ఎప్పటికీ తెరవరని, కోద్దామనే అనుకున్నారు అందరూ. పేర్లూ నంబర్లూ నేనే టైపు చేసి ఇచ్చాను. మరుసటి ఆదివారం పొద్దున్న ఆరింటికి గేటు ముందు వరసలో నిలబడ్డాం. సొంత ఊళ్లో, తాతలు వేసిన నేల మీదకి, కార్డు చూపించి ఒక్కొక్కరే లోపలికి. బర్మా పేటలవాళ్లనీ అలాగే నిలబెట్టారు. ఆకుపచ్చ కార్డులవాళ్లని మాత్రం రెండుసార్లు చూశారు.

గడ్డి గట్టిపడి ఉంది. అయినా అక్క తన రాళ్లు వెతుక్కుని మొదలుపెట్టింది. నేను కొడవలి పట్టి ఎన్నేళ్లయిందో, అరచేతులు గంటకే బొబ్బలెక్కాయి. పదింటికల్లా అక్క వాటా నున్నగా అయింది. ఎర్ర కంకర బయటపడింది. ఎండ అప్పుడే దాన్ని కాలుస్తోంది. అక్క వంగి అరచెయ్యి నేలకి ఆనించి చూసింది. కాపలావాడు సిగరెట్టు కాలుస్తూ అటు వచ్చాడు. కుర్రవాడు కాదు, నడివయసు మనిషి, చెడ్డగా మాట్లాడలేదు.

"ఈ చివర ఇంకా శుభ్రంగా కోయండి," అన్నాడు బర్మాలో. "రేపు ఇక్కడ ఆరబోయడానికి బియ్యం మిల్లువాళ్ల వడ్లు వస్తున్నాయి. వాళ్లకి గేటు దగ్గరగా కావాలట."

అక్కకి బర్మా బాగా వచ్చు. నేను తెలుగు చేయక్కర్లేకపోయింది. నడుం తిన్నగా చేసి వాడి వైపు చూసింది. కొడవలి కింద పెట్టింది. కోసిన నేల మీద, రెండు రాళ్లకీ మధ్య, కాళ్లు చాపుకుని కూర్చుంది.

"నా వడ్లు తెప్పిత్తాను," అంది నాతో. "ఇక్కడే పోత్తాను. ఆరేదాకా లెగను. ఆడికి సెప్పు."

నాకు తెలిసి అక్క ఎప్పుడూ ఎవరి ముందూ అలా కూర్చోలేదు. చుట్టుపక్కల వాటాల్లో కొడవళ్లు ఆగిపోయాయి. నేను కూడా పక్కన కూర్చుంటే ఇంకో పదిమంది కూర్చునేవాళ్లని ఇప్పటికీ నమ్ముతున్నాను. కాపలావాడు జేబులోంచి అనుమతి కాగితం నకలు తీసి, విప్పి, కింద గీత మీద నా పేరు చూపించి, నా వైపు తిరిగాడు.

"ఇది మీ సంతకమేనా? ఆమెని లేపండి. లేకపోతే నేను ఆఫీసుకి ఫోన్ చేయాలి. వాళ్లు వస్తే ఆమెతో మాట్లాడరు, మీతో మాట్లాడతారు."

సంచౌంగ్‌లో నా ఇల్లు గుర్తొచ్చింది. దుకాణం గుర్తొచ్చింది. నా కార్డు రంగు గుర్తొచ్చింది. ఇవన్నీ ఒక్క క్షణంలో గుర్తొచ్చాయి. అక్క మొలకెత్తిన వడ్లు మాత్రం గుర్తురాలేదు. దానికే నా మీద నాకు ఇంత కోపం.

"లెగవే అక్కా," అన్నాను.

అక్క నన్ను చూసింది.  తర్వాత ఒక చెయ్యి సున్నపు రాయి మీద ఆనించి మెల్లిగా లేచింది. నేను పట్టుకోబోతే నా చెయ్యి తీసేసింది. కొడవలి అందుకుని, గేటు వైపు చివర మిగిలిన గడ్డి, మిల్లువాళ్ల వడ్ల కోసం, పన్నెండయ్యేదాకా కోసింది.

దారిలో నాతో ఒక్క మాటే అంది.

"ఆడికి బయపడి లెగనేదే నాను. కాగితం మీద నీ పేరుందని లెగిసేను."